కణంలోకి జన్యువు పంపాలంటే: కరెంటు పల్సా, లిపిడా, వైరస్సా?

2023 డిసెంబర్ 8న అమెరికా ఎఫ్‌డీఏ సికిల్ సెల్ జబ్బుకు ఒకేరోజు రెండు జన్యు చికిత్సలను అనుమతించింది. జబ్బు ఒకటే. రోగి ఒంట్లోంచి తీసుకునే కణాలూ ఒకటే, రక్త మూలకణాలు. అయితే క్యాస్‌జెవీలో ఆ కణాలకు కరెంటు పల్స్ ఇచ్చి డీఎన్‌ఏను కోసే క్రిస్పర్ కత్తెరను లోపలికి పంపుతారు. లిఫ్‌జీనియాలో ఆ మోత పని లెంటీవైరస్‌ది. ఇలా దారులు వేరవడానికి కారణం ఉంది. క్యాస్‌జెవీకి బీసీఎల్11ఏ జన్యువులో ఒక్కచోట కోత పడితే చాలు, పుట్టకముందు పనిచేసిన హీమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. కోసిన కత్తెర ఒకటి రెండు రోజుల్లో కరిగిపోవాలి, ఉండిపోతే వేరేచోట కోసే ప్రమాదం. లిఫ్‌జీనియా అలా కాదు. అది కొత్త గ్లోబిన్ జన్యువును చేరుస్తుంది. ఆ జన్యువు కణం విభజన చెందిన ప్రతిసారీ పిల్లకణాలకు అందుతూ బతికినంతకాలం ఉండాలి. అందుకే క్రోమోజోములో కలిసిపోయే వైరస్ కావలసి వచ్చింది.

ఎంపికంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. ఏ కణం? లోపలికి వెళ్లేది డీఎన్‌ఏనా, ఆర్‌ఎన్‌ఏనా, ప్రోటీనా? అది ఎన్నాళ్లు ఉండాలి? ఈ మూడింటికి జవాబు రాసుకోకుండా యంత్రాల కేటలాగులు తిరగేస్తే డబ్బు దండగ. తిరుపతిలో, ఏర్పేడు వైపు, చిత్తూరులో సెల్ కల్చర్ మొదలుపెడుతున్న విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఆసుపత్రి పరిశోధకుల కోసం ఈ పోలిక. వేలూరు దాకా వెళ్లి జన్యు చికిత్స గురించి విచారించే కుటుంబాలకు పనికొచ్చే మాటలు కూడా చివర్లో ఉన్నాయి.

మూడు దారులు

లిపిడ్ పద్ధతిలో రుణావేశం ఉన్న డీఎన్‌ఏను ధనావేశం ఉన్న కొవ్వు అణువులు చుట్టేస్తాయి, కణం దాన్ని మింగుతుంది. యంత్రం అక్కర్లేదు. హెచ్‌ఈకే293, హీలా, సీహెచ్‌ఓ లాంటి, ప్లేటుకు అంటుకుని పెరిగే కణాలైతే ఇదే వాడండి. వాటికి పల్స్ యంత్రం కొనడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. ఖర్చు ఇంకా తగ్గాలంటే 25 కిలోడాల్టన్ల సరళ పీఈఐ అనే ధనావేశ పాలిమర్‌తో, బరువు లెక్కన డీఎన్‌ఏ ఒక వంతు, పీఈఐ మూడు వంతులుగా మొదలుపెట్టి సరిచూసుకోవచ్చు. చిక్కల్లా టి-కణాలు (రోగనిరోధక తెల్ల రక్తకణాలు), రక్త మూలకణాల దగ్గర వస్తుంది. ఇవి సరిగా మింగవు. మింగినదాంట్లో ఎక్కువ భాగం లోపలి సంచుల్లోనే చిక్కి నశిస్తుంది.

నేరుగా ఒంట్లోకి పంపేటప్పుడు లిపిడ్ నానోకణాలు సహజంగా కాలేయానికి చేరతాయి. కాలేయాన్ని లక్ష్యంగా పెట్టుకున్న పాటిసిరాన్ అనే ఆర్‌ఎన్‌ఏ మందుకు 2018లో అనుమతి వచ్చింది ఆ గుణం వల్లే. లక్ష్యం కాలేయమైతే పల్సుల గురించి ఆలోచించనక్కర్లేదు.

వైరస్ దారికి మన పక్కనే ఉదాహరణ ఉంది. చిత్తూరుకు కూతవేటు దూరంలోని వేలూరు సీఎంసీలో హీమోఫీలియా-ఏ రోగుల రక్త మూలకణాల్లోకి ఫ్యాక్టర్-8 జన్యువును లెంటీవైరస్‌తోనే చేర్చారు. 2023 అక్టోబర్‌లో మన దేశంలో అనుమతి పొందిన నెక్స్‌కార్19 అనే కార్-టి (క్యాన్సర్‌ను గుర్తించేలా మార్చిన టి-కణాల) చికిత్సదీ లెంటీవైరస్ దారే. జన్యువు శాశ్వతంగా నిలవాలంటే దీనికి సాటి రావడం కష్టం. కానీ వైరస్‌ను తయారుచేయడం, శుద్ధి చేయడం, పరీక్షించడం అన్నీ ఖరీదే. అది క్రోమోజోములో ఎక్కడ దూరుతుందో మన చేతిలో ఉండదు. లిఫ్‌జీనియా వివరపత్రంలో గడి కట్టి మరీ రక్త క్యాన్సర్ హెచ్చరిక ఉంది. ఏఏవీ అనే మరో రకం వైరస్‌లో అయితే సుమారు 4.7 కిలోబేస్‌లకు (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్‌ఏ అక్షరాలు) మించి పట్టదు. కండరాల క్షీణతకు సంబంధించిన డిస్ట్రోఫిన్ జన్యువు కోడింగ్ భాగమే 11 కిలోబేస్‌లు. పైగా ఒకసారి ఏఏవీ ఇచ్చాక యాంటీబాడీలు పుట్టి రెండోసారి ఇవ్వనీయవు.

కరెంటు పల్స్ పద్ధతి, అంటే ఎలక్ట్రోపొరేషన్, ఈ రెండింటి మధ్య ఖాళీని పూరిస్తుంది. డీఎన్‌ఏ, ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీ సూచన మోసే ఆర్‌ఎన్‌ఏ), ప్రోటీన్ ఏదైనా పంపొచ్చు. సైజు ఇబ్బంది తక్కువ. వైరస్ తాలూకు అవశేషమంటూ ఏదీ మిగలదు. 1982లో న్యూమన్ బృందం ఎలుక కణాల్లోకి ఇలా జన్యువును పంపి చూపించినప్పటి నుంచి దీని బలహీనత ఒక్కటే: కణాలు చచ్చిపోతాయి. మిగతా నైపుణ్యమంతా ఆ చావును తగ్గించడం గురించే.

పల్స్ లోపల జరిగేది

కణపొరకు అటూ ఇటూ వోల్టేజి తేడా సుమారు 0.2 నుంచి 1 వోల్టు దాటితే అందులో సన్నని రంధ్రాలు పడతాయి. ఆ తేడా ఎంతో తెలియాలంటే కణం వ్యాసార్ధాన్ని క్షేత్ర బలంతో గుణించి, దాన్ని మళ్లీ ఒకటిన్నరతో గుణించాలి. 5 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న కణానికి సెంటీమీటరుకు 1000 వోల్టులు ఇస్తే 0.75 వోల్టు వస్తుంది. అర మైక్రాన్ వ్యాసార్ధం ఉన్న బ్యాక్టీరియాకు 1 వోల్టు రావాలంటే సెంటీమీటరుకు 13,000 వోల్టులు దాటాలి. ఎలక్ట్రోడ్ల మధ్య 1 మిల్లీమీటరు దూరం ఉన్న కువెట్‌లో (శాంపిల్ పోసి పల్స్ ఇచ్చే చిన్న పాత్ర) ఈ.కోలై బ్యాక్టీరియాకు 1800 వోల్టులు ఎందుకిస్తారో, 4 మిల్లీమీటర్ల కువెట్‌లో హెచ్‌ఈకే కణాలకు 250 వోల్టులు ఎందుకు సరిపోతాయో దీంతో తెలిసిపోతుంది. ఇతరుల ప్రోటోకాల్ చూసేటప్పుడు వోల్టుల్ని ఒక్కటే చూడకండి, ఎలక్ట్రోడ్ల మధ్య దూరంతో భాగించి చూడండి.

రంధ్రం పడగానే డీఎన్‌ఏ లోపలికి జారిపోతుందనుకుంటారు. అలా జరగదు. రుణావేశం ఉన్న డీఎన్‌ఏను క్షేత్రమే ధన ఎలక్ట్రోడు వైపు నెట్టుకుపోయి, దారిలో అడ్డొచ్చిన కణపొరకు అంటిస్తుంది. పల్స్ ఆగాక నిమిషాల మీద అది లోపలికి చేరుతుంది. అందుకే చిన్న అణువులకు 100 మైక్రోసెకన్ల పల్స్ సరిపోతే, ప్లాస్మిడ్‌కు (జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏకు) మిల్లీసెకన్లు కావాలి. ఎంఆర్‌ఎన్‌ఏకు, ప్రోటీన్‌కు కణపొర దాటి సైటోప్లాజంలోకి వస్తే సగం పని అయిపోయినట్టే. ప్లాస్మిడ్‌కు ఇంకా కేంద్రకం తలుపు మిగిలే ఉంటుంది.

ఏ తరంగం ఇచ్చే యంత్రం?

పాతకాలపు, చవకైన యంత్రాలు కెపాసిటర్‌ను నింపి ఒక్కసారిగా వదిలేస్తాయి. వోల్టేజి ఎత్తుగా మొదలై క్రమంగా పడిపోతుంది. పడిపోయే వేగాన్ని చెప్పే టైమ్ కాన్‌స్టెంట్ అంటే నిరోధం, కెపాసిటెన్స్‌ల లబ్ధం. బ్యాక్టీరియాకు 25 మైక్రోఫారడ్లు, 200 ఓమ్‌లు పెడితే 5 మిల్లీసెకన్లు. ఇది బాగా నడుస్తుంది, బ్యాక్టీరియా పని మాత్రమే ఉంటే ఇంతకు మించి కొనవద్దు.

జంతుకణాల దగ్గర మాత్రం ఇది మోసం చేస్తుంది, ఎందుకంటే నిరోధం మీ శాంపిల్‌దే. 4 మిల్లీమీటర్ల కువెట్‌లో సాధారణ మీడియం 400 మైక్రోలీటర్లు పోస్తే నిరోధం 28 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. 950 మైక్రోఫారడ్లతో టైమ్ కాన్‌స్టెంట్ 25 మిల్లీసెకన్లకు అటూ ఇటూ వస్తుంది. అదే మీడియం 200 మైక్రోలీటర్లే పోశారంటే నిరోధం రెట్టింపు, పల్స్ నిడివీ రెట్టింపు. అవే సెట్టింగులతో ఒక విద్యార్థి కణాలు బతికి, మరొకరివి చావడానికి తరచూ కారణం ఇదే. పిపెట్ తేడా, అంతే. పల్స్ ఇచ్చిన ప్రతిసారీ తెర మీద కనిపించే టైమ్ కాన్‌స్టెంట్‌ను పుస్తకంలో రాయండి.

చతురస్ర తరంగం ఇచ్చే యంత్రంలో వోల్టేజి, నిడివి, పల్సుల సంఖ్య దేనికది విడిగా పెట్టుకోవచ్చు. శాంపిల్ కాస్త మారినా నిడివి మారదు. టి-కణాలు, మూలకణాలు, పిండ కణాల పని ఉంటే దీనికే డబ్బు పెట్టండి.

కువెట్‌కు బదులు పిపెట్ టిప్‌లోనే పల్స్ ఇచ్చే యంత్రాలున్నాయి. 10 మైక్రోలీటర్లతో పని, కణాలు తక్కువున్నప్పుడు వరం. యాక్టివేట్ చేసిన టి-కణాలకు అలాంటి టిప్‌లో 1600 వోల్టులు, 10 మిల్లీసెకన్లు, 3 పల్సులు అన్నది చాలామంది మొదలుపెట్టే చోటు. ఈ 1600ను తెచ్చి కువెట్‌లో పెట్టవద్దు, ఎలక్ట్రోడ్ల దూరం వేరు. మూడో రకం యంత్రాలు కోడ్ నంబర్లతో, సొంత బఫర్‌తో వస్తాయి. ఫలితాలు బాగుంటాయి, కానీ లోపల ఏ పల్స్ ఇస్తున్నారో, బఫర్‌లో ఏముందో చెప్పరు. పైగా ఆ కిట్ జీవితాంతం వాళ్ల దగ్గరే కొనాలి. మూడేళ్ల కిట్ ఖర్చు కలిపి లెక్క వేసుకున్నాకే కొటేషన్ మీద సంతకం పెట్టండి.

ఏం పంపాలి?

ప్లాస్మిడ్ చవక, ఎస్వీ యూనివర్సిటీ ఎమ్మెస్సీ విద్యార్థి కూడా చేసుకోగలడు. హెచ్‌ఈకే లాంటి కణాలకు హాయిగా సరిపోతుంది. టి-కణాల్లో మాత్రం సైటోప్లాజంలో కనిపించిన డీఎన్‌ఏను కణం శత్రువుగా గుర్తించి ఇంటర్‌ఫెరాన్ అలారం మోగిస్తుంది, పల్స్ తట్టుకున్న కణాలూ రెండో రోజుకు చస్తాయి. చాలామంది దీన్ని వోల్టేజి తప్పనుకుని వోల్టేజి తగ్గిస్తూ పోతారు. డీఎన్‌ఏ లేకుండా పల్స్ మాత్రమే ఇచ్చిన గొట్టం పక్కన ఉంటే తప్పు ఎక్కడో వెంటనే తేలుతుంది. ఆ గొట్టంలో కణాలు బాగుంటే తప్పు కరెంటుది కాదు.

ఎంఆర్‌ఎన్‌ఏ గంటల్లో పని మొదలుపెట్టి కొద్ది రోజుల్లో కనుమరుగవుతుంది. క్రిస్పర్ కోతకు, మా అభిప్రాయంలో, ముందుగా చూడవలసింది తయారైన క్యాస్9 ప్రోటీన్ (కోసే కత్తెర ఇదే), కోయాల్సిన చోటు చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏల జంటను. 100 పికోమోల్స్ క్యాస్9 అంటే 16 మైక్రోగ్రాములు. దానికి 200 నుంచి 250 పికోమోల్స్ గైడ్ కలిపి, గది ఉష్ణోగ్రతలో 10 నుంచి 20 నిమిషాలు ఉంచితే రెండూ జతకడతాయి. ఈ మిశ్రమం మొత్తం పరిమాణంలో పదోవంతు దాటకూడదు, ఎందుకంటే ప్రోటీన్ నిల్వ ద్రావణంలో ఉప్పు, గ్లిజరాల్ ఉంటాయి. టి-కణాలను యాక్టివేట్ చేసిన అయస్కాంత పూసలను పల్స్‌కు ముందే తీసేయాలి. ప్రోటీన్ చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో డ్రై ఐస్‌లో వస్తుంది. పెట్టె విప్పినప్పుడు అందులో ఇంకా ఐస్ మిగిలి ఉందో లేదో చూసి, రాసి, అప్పుడే సంతకం చేయండి.

హెచ్‌ఈకేతో ఒక్క పూట

హెచ్‌ఈకేకు లిపిడే చాలు, కానీ పల్స్ పద్ధతి చేతికి అలవాటు కావడానికి వీటితో చేసి చూడొచ్చు. కణాలను ముందురోజు పలుచన చేసి, మరుసటి రోజుకు ప్లేటు 70, 80 శాతం నిండేలా చూసుకోవాలి. కిక్కిరిసి ఎదుగుదల ఆగిన కణాలు పల్స్ తట్టుకోవు. ట్రిప్సిన్‌తో లేపి, సీరం మీడియంతో ఆపి, 250 జి దగ్గర 5 నిమిషాలు తిప్పాలి. కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్ ఉప్పు ద్రావణంతో ఒకసారి కడిగి, సీరం లేని మీడియంలో 400 మైక్రోలీటర్లకు 50 లక్షల కణాలుగా కలపాలి. ప్లాస్మిడ్ 10 నుంచి 20 మైక్రోగ్రాములు, నీళ్లలో మైక్రోలీటరుకు ఒక మైక్రోగ్రాము చొప్పున ఉండాలి. శుద్ధతను చెప్పే 260/280 కాంతి శోషణ నిష్పత్తి 1.8 దగ్గర ఉందో లేదో ఒక్కటే చూసి ఊరుకోకండి. 260/230 పడిపోయి ఉంటే ఉప్పు మిగిలిందని అర్థం. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) తీసేసే కిట్ వాడండి.

కువెట్‌లో పోశాక గోరుతో మెల్లగా తట్టండి. గోడకు అంటిన బుడగ పైకి తేలి పగలాలి. బయట చెమ్మ ఉంటే టిష్యూతో అల్యూమినియం రేకులు రెండూ పొడిగా తుడవండి. ఐస్ మీంచి తీసిన కువెట్‌కు నిమిషంలో తేమ పడుతుంది. అప్పుడు 250 వోల్టులు, 950 మైక్రోఫారడ్లు. 'టప్' మని శబ్దం వచ్చి మెరుపు కనబడితే ఆ శాంపిల్ పోయినట్టే, దాన్ని ప్లేటులో పోసి రెండు రోజులు ఎదురుచూడకండి. దానికి కారణం బుడగ, చెమ్మ, ఉప్పు, లేదా మళ్లీ వాడిన కువెట్. కువెట్ ఒకటి కొన్ని వందల రూపాయలు కాబట్టి కడిగి వాడాలనిపిస్తుంది. బ్యాక్టీరియాకు సర్దుకుపోవచ్చేమో గానీ, చికిత్స కోసం చేసే కణాలకు వద్దే వద్దు. ప్రతి పల్స్‌కూ రేకు తింటుంది, అల్యూమినియం అయాన్లు ద్రావణంలోకి దిగుతాయి, గరుకైన చోట క్షేత్రం గుమిగూడుతుంది.

పల్స్ తర్వాత 5 నుంచి 10 నిమిషాలు కదిలించకండి. ఆనక 37 డిగ్రీల, సీరం ఉన్న, యాంటీబయోటిక్ లేని మీడియం ఒక మిల్లీలీటరు గోడ వెంట జార్చి, వెడల్పు మూతి టిప్‌తో ప్లేటులోకి మార్చండి. పొర ఇంకా పూర్తిగా మూసుకోలేదు, యాంటీబయోటిక్ ఉంటే అదీ లోపలికి పోతుంది. ఇదే కారణంగా పల్స్ అయిన వెంటనే చచ్చిన కణాలకు పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి లెక్కపెట్టకూడదు. బతికే కణాలు కూడా నీలంగా కనిపించి కంగారు పెడతాయి. 24 గంటలకు చూడండి.

ఇక్కడ మన వేసవి సంగతి చెప్పాలి. 950 మైక్రోఫారడ్లను 250 వోల్టులకు నింపితే అందులో దాదాపు 30 జౌళ్ల శక్తి. అదంతా 400 మైక్రోలీటర్ల ద్రావణంలోకి దిగితే దాదాపు 18 డిగ్రీలు వేడెక్కుతుంది. ప్రోటోకాల్ రాసినవాళ్ల గది 22 డిగ్రీలు కాబట్టి వాళ్ల కణాలు 40 దగ్గర ఆగుతాయి. తిరుపతిలో మే నెలలో ఏసీ పనిచేయని గది 34 ఉంటే, ఆ క్షణంలో కణాలు 52 చూస్తాయి. వోల్టేజి మార్చకుండానే సంక్రాంతికి బతికిన కణాలు ఎండల్లో చచ్చాయంటే ముందు థర్మామీటర్ చూడండి. ద్రావణాన్ని 800 మైక్రోలీటర్లకు పెంచితే వేడి సగమవుతుంది, కానీ టైమ్ కాన్‌స్టెంట్ కూడా సగమవుతుంది. అంతకంటే గదిని, బఫర్‌ను 22 దగ్గర ఉంచడమే సుఖం. ఐస్ మీద ఉంచితే కణపొర బిగుసుకుని మూసుకోవడం నెమ్మదిస్తుంది. అది కొన్ని కణాలకు మేలు, కొన్నింటికి కీడు, మీ కణాలతో రెండూ చేసి చూడండి.

సెట్టింగులు వెతికేటప్పుడు వోల్టేజిని 20, 30 వోల్టుల మెట్లుగా మార్చండి. జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రోటీన్ వచ్చిన కణాల శాతం చూసి మురిసిపోవద్దు. వంద కణాలతో మొదలుపెట్టి 30 బతికి, వాటిలో 80 శాతం మెరిస్తే చేతికొచ్చేది 24 కణాలు. 80 బతికి సగమే మెరిస్తే 40. రోగికి ఎక్కించేది శాతాన్ని కాదు, కణాలను. కంపెనీ ప్రతినిధి చూపించే గ్రాఫులో బతికిన కణాల సంఖ్య లేకపోతే అడిగి తెప్పించుకోండి.

ఒంటి మీదే పల్స్ ఇస్తే?

కండరంలోకి ప్లాస్మిడ్ సూదితో ఎక్కించి, అక్కడే ఎలక్ట్రోడ్లతో సెంటీమీటరుకు 200 వోల్టుల లెక్కన 20 మిల్లీసెకన్ల పల్సులు 8 ఇవ్వడం ఎలుకల్లో బాగా పనిచేసిన పద్ధతి. కండరం ఎగిరిపడుతుంది, నొప్పి ఉంటుంది, మత్తు తప్పదు. పశువైద్యంలో దీనికి మంచి చోటుంది: ఆడ పందుల్లో ఎదుగుదల హార్మోన్‌ను ప్రేరేపించే ప్లాస్మిడ్‌కు 2008లో ఆస్ట్రేలియా అనుమతిచ్చింది. వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరికి ఇది ఆలోచించదగ్గ విషయం. చర్మంలోకి డీఎన్‌ఏ పంపడం వరకే పనైతే కరెంటు లేకుండా కూడా కుదురుతుంది. 2021లో మన దేశం అత్యవసర అనుమతిచ్చిన జైకోవ్-డి డీఎన్‌ఏ టీకాను సూది లేకుండా సన్నని ధారగా చర్మంలోకి కొట్టారు.

రోగుల కుటుంబాలకు

"కరెంటు పెడతారంట గదా?" అని భయపడేవాళ్లకు ఒక మాట. క్యాస్‌జెవీ లాంటి చికిత్సలో కరెంటు రోగి ఒంటికి తగలదు. ఒంట్లోంచి తీసిన కణాలకే, ల్యాబులో, సెకనులో కొద్ది వంతు. అసలు కష్టం మరోచోట ఉంది. సరిచేసిన కణాలను తిరిగి ఎక్కించే ముందు మజ్జను ఖాళీ చేయడానికి బుసల్ఫాన్ అనే కీమో మందు ఇస్తారు. దాని వల్ల పిల్లలు పుట్టే శక్తి పోయే ప్రమాదం ఉంది. ఈ విషయం డాక్టరు చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి.

మన దేశంలో జన్యు చికిత్సకు ఐసీఎంఆర్ 2019లో జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. అనుమతి పొందిన మందు అయి ఉండాలి, లేదా అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్ అయి ఉండాలి. ట్రయల్ అంటే సీటీఆర్‌ఐ అనే దేశ ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు నంబరు ఉంటుంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు అడిగితే, నంబరు చెప్పమన్నప్పుడు మాట దాటవేస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ల్యాబులకు కూడా అంతే. చికిత్స వైపు అడుగేసే పని ఏదైనా ముందు సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ దగ్గరికి వెళ్లాలి, ఆపైన జన్యుమార్పిడి పనులను సమీక్షించే కేంద్ర కమిటీ ఆర్‌సీజీఎం, మనుషుల దాకా వస్తే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ. లెంటీవైరస్ ముట్టుకోవాలంటే బీఎస్‌ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) గది కావాలి. ఆ గది లేని కాలేజీలకు పల్స్‌తో ప్రోటీన్ పంపే పద్ధతి దగ్గరి దారి కావడానికి ఇదీ ఒక కారణం.

యంత్రం కొనే ముందు ల్యాబులో ఎర్తింగ్ కొలిపించండి. కెపాసిటర్ యంత్రం ప్లగ్గు తీసినా లోపల ఛార్జి నిలిచి ఉంటుంది, మూత విప్పే పని సర్వీస్ ఇంజినీరుదే. ఆ ఇంజినీరు ఏ ఊళ్లో ఉంటాడో, ఎన్ని రోజుల్లో వస్తాడో ఆర్డరు కాగితం మీద రాయించుకోండి. డెమోకు వచ్చినప్పుడు వాళ్లు తెచ్చిన కణాలతో కాకుండా, మీ ఇంక్యుబేటర్‌లో ఉన్న కణాలతో, మీ గదిలో, మీ ప్లాస్మిడ్‌తో చేయించి, 24 గంటల తర్వాత మీరే లెక్కపెట్టండి.